దుప్పటి కింద కుట్టిన కోటు

సోమవారం నాడు మాస్టారు తన భార్య కోటుకు కుడి చెయ్యి ఎక్కించారు.

గుడ్డ లేదు, దారం లేదు. సూదులు మాత్రం రెండున్నాయి గానీ ఆ రెండూ ఆయన ఎడమ చేతిలోనే గుచ్చి ఉన్నాయి. ఒక సూదిలోంచి రక్తం డయాలసిస్ యంత్రంలోకి వెళ్తుంది, రెండో సూదిలోంచి శుభ్రపడి తిరిగొస్తుంది. నాలుగు గంటలపాటు ఆ చెయ్యి కదపడానికి లేదు. అందుకని ఆయన గడ్డం దాకా దుప్పటి కప్పుకుని, కళ్ళు మూసుకుని, మనసులోనే కోటు కుడుతూ ఉంటారు. వారానికి మూడు రోజుల చొప్పున రెండు నెలలుగా ఇదే కోటు.

"ఎలా కుదిరింది?" అని అడిగింది ఆమె, కారిడార్లో బెంచీ మీంచి లేచి ఆయన సంచీ అందుకుంటూ.

"భుజం దగ్గర చిన్న ముడత పడింది. విప్పేసి మళ్ళీ కుట్టా."

"అయ్యో, అంతా విప్పేశారా?"

"మరి? ఆ ముడతతో నిన్ను బయట తిరగనిస్తానా? ఎవరు కుట్టారంటే నా పేరేగా చెప్తావు."

ఆమెకి నవ్వాగలేదు. పెళ్ళయి నాలుగు నెలలు. నలభై మూడేళ్ళ వయసులో, మందుల వాసన కొట్టే కారిడార్లో నిలబడి, లేని కోటు మీద లేని ముడత గురించి ఇలా పగలబడి నవ్వుతానని ఆమె కలలో కూడా అనుకోలేదు. ఆయన టైలరు కొట్లో కాజాలు కుట్టేప్పటి అలవాటు కొద్దీ ఇప్పటికీ 'మాస్టారూ' అనే పిలుస్తుంది. మొగుణ్ణి అలా పిలుస్తావేమిటని వదిన మందలిస్తే, "ఇంకోలా పిలవడానికి నోరు తిరగట్లేదొదినా" అంటుంది.

వాళ్ళ వెనకాలే పక్క మంచం బస్సు డ్రైవర్ బయటికొచ్చాడు. రిటైరై ఆరేళ్ళయినా నడుస్తుంటే ఇంకా స్టీరింగు పట్టుకున్నట్టే భుజాలు ముందుకు పెడతాడు.

"చెల్లెమ్మా, ఇవాళ నేను తొమ్మిది వందల నలభై రౌండ్లు," అన్నాడు. "మీ ఆయన బండి ఇంకా డిపోలోనే ఉంది."

"మీది రోడ్డు, నాది గుడ్డ," అన్నారు మాస్టారు. "నేను తొందరపడితే కుట్టు వంకర పోతుంది."

ఆ హాల్లో మంచాలు పన్నెండు. కాళ్ళతో తిప్పే పెడల్ యంత్రాలు మాత్రం మూడే. మంచానికి కాళ్ళ వైపు బిగిస్తే, పడుకునే సైకిల్లా తిప్పొచ్చు. కిడ్నీలు పాడైన ఒంట్లో కండ తొందరగా కరుగుతుందనీ, కదలకుండా కూర్చుంటే ఇంకా తొందరగా కరుగుతుందనీ, డాక్టరు సరే అన్నవాళ్ళు డయాలసిస్ మొదటి రెండు గంటల్లో ఒక అరగంట కాళ్ళు ఆడిస్తే మంచిదనీ చెప్పి ఫిజియో అమ్మాయి వాటిని తెప్పించింది. ఒకటి డ్రైవర్‌కి, ఒకటి మాస్టారికి, ఇంకొకటి మూలనున్న తాతగారికి ఇచ్చింది. లోపలికి బంధువుల్ని రానివ్వరు కాబట్టి అదెలా ఉంటుందో ఆమె తలుపు అద్దంలోంచి చూడ్డమే. చూసినా దుప్పటి తప్ప ఏమీ కనపడదు. డయాలసిస్ జరుగుతున్నంతసేపూ మాస్టారికి చలి.

*

ఇంటి ముందు గదే కొట్టు. మధ్యలో కటింగ్ బల్ల, గోడ వారగా కుట్టు మిషను, గుమ్మం పక్కన కొలతల పుస్తకం ముందేసుకుని వదిన. మాస్టారి కన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. తమ్ముడు గడపలో కాలు పెట్టీపెట్టగానే ఆవిడ లేచి, రెండు మెత్తలు వేసిన కుర్చీ ముందుకి జరిపింది.

"కూర్చో. చెప్పులు నేను తీస్తా. వంగకు."

తమ్ముడికి జబ్బని తెలిసిన రోజు నుంచీ వదిన ఆయన్ని గాజు సామానులా చూసుకుంటోంది. పై గూట్లో దారపు రీళ్ళన్నీ కింది గూట్లోకి దిగాయి, చెయ్యి ఎత్తే పని లేకుండా. కాళ్ళు నొప్పెడతాయని కుట్టు మిషను కింద పాదాల పీట ఊడదీయించి మోటారు పెట్టించింది. బాత్రూముకి లేవబోతే చంకల కింద చేతులు పెట్టి, "ఊఁ... లే" అంటూ తనే ఎత్తుతుంది. వదిన చేతుల్లో బలం తగ్గలేదు గానీ ఆయన కాళ్ళలోనే రోజురోజుకీ తగ్గుతూ వచ్చింది.

ఒక్క బల్ల దగ్గర మాత్రం ఆయన ఎవరి మాటా వినేవారు కాదు. నిలబడే కత్తిరించేవారు. పోయిన గురువారం చొక్కా గుడ్డ కత్తిరిస్తూ కత్తిరిస్తూ, మోకాళ్ళు మడతపడి, కత్తెర చేతిలో పట్టుకునే నేల మీద కూర్చుండిపోయారు. దెబ్బేం తగల్లేదు. "పర్లేదు, గుడ్డ పాడవలేదు" అన్నారు కూడా. కానీ వదిన చూసింది.

"ఆదివారం వడ్రంగి వస్తాడు," అందావిడ, చెప్పులు గోడ పక్కన పెట్టి. "బల్ల పట్టుకెళ్తాడు. నువ్వు హాయిగా కూర్చుని కొలతలు రాసుకో. కత్తిరించడం బయట చేయిద్దాం."

మాస్టారు మెడలో టేపుని వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టారు.

"అక్కయ్యా, కత్తిరించకపోతే ఈ కొట్లో నేనెందుకు?"

"నేను చూసుకోడానికి."

"చూసుకోడానికి గోడ మీద క్యాలెండరుంది."

"వెటకారం చాలు. కత్తెర పట్టుకుని పడ్డావు నువ్వు! అటు తిరిగి పడుంటే?"

"శుక్రవారం ఆ ఫిజియో అమ్మాయి పరీక్ష పెడుతుంది. చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేవాలి. రెండు నెలల కిందట రెండుసార్లే లేచా. ఈసారి ఐదూ లేచాననుకో..."

"లేస్తే బల్ల ఉంటుంది."

"మాట మీద నిలబడతావా?"

"నువ్వు కాళ్ళ మీద నిలబడు చాలు," అంది వదిన.

ఆ సాయంత్రం ఆమె ఫ్రిజ్‌లోంచి ఐసు ముక్కలు రెండు తీసింది. ఆయన రోజంతా కలిపి తాగడానికి వీలున్న కొద్దిపాటి నీళ్ళు పొద్దున్నే ఒక సీసాలో కొలిచి పెడతారు. అందులోంచి కాస్త ఐసు పెట్టడం ఆమె కనిపెట్టిన ఉపాయం. గుటకలో అయిపోయే నీళ్ళు ఐసైతే చాలాసేపు వస్తాయి. ఒకటి ఆయన నోట్లో, ఒకటి ఆమె నోట్లో. ఎవరిది ముందు కరిగితే వాళ్ళు ఓడినట్టు. పందెం కాబట్టి మాట్లాడకూడదు. బుగ్గలు ఉబ్బించుకుని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. నాలుగు నెలల్లో ఆమె ఒక్కసారీ గెలవలేదు. మధ్యలో నవ్వొచ్చేస్తుంది మరి.

*

బుధవారం ఆమె బెంచీ మీద కూర్చుని ఒకరి చొక్కాకి కాజాలు కుడుతుంటే ఫిజియో అమ్మాయి బయటికొచ్చింది. చేతిలో కాగితాల అట్ట.

"ఆంటీ, ఒక్క నిమిషం."

కొత్త పెళ్ళికూతుర్ని పట్టుకుని ఆంటీ ఏమిటని ఆమె అందామనుకుంది. కానీ ఆ పిల్ల మొహంలో నవ్వు లేదు.

"అంకుల్ చేయట్లేదండీ. చూడండి." వేలితో చూపించింది. డ్రైవర్ పేరుకి ఎదురుగా తొమ్మిది వందలు, తొమ్మిది వందల ముప్ఫై. మూల మంచం తాతగారికి మూడు వందలు, మూడు వందల అరవై. మాస్టారి పేరుకి ఎదురుగా ఐదు, మూడు, సున్నా, నాలుగు, సున్నా.

"రౌండ్లా ఇవి?"

"అవునండీ. చేస్తున్నారా అంకుల్ అని ఎప్పుడడిగినా చేస్తున్నానమ్మా అంటారు. నేనొక్కదాన్నే, పన్నెండు మందిని చూడాలి. దగ్గర కూర్చోలేను కదా. కొంతమందికి ఇష్టం ఉండదు, అర్థం చేసుకోగలను. కానీ మూడో మంచం టీచరుగారు ఎప్పట్నుంచో అడుగుతున్నారు. వచ్చే వారం నుంచి ఆ పెడల్ ఆవిడకిద్దామని. ఇంటికీ ఫోన్ చేశాను. ఎవరో పెద్దావిడ ఎత్తారు."

ఆ పిల్ల వెళ్ళిపోయాక ఆమె కుడుతున్న కాజా చూసుకుంది. దారం పక్కకి పోయి, కాజా నోరు వంకర తిరిగి ఉంది. ఆమె అలాంటి కాజా కుట్టి ఎన్నేళ్ళయిందో.

మాస్టారు బయటికొస్తూనే, "జేబులు పెట్టేశా," అన్నారు. "పైకి రెండు. లోపల ఎవరికీ కనపడకుండా ఒకటి."

ఆమెకి నవ్వు రావాల్సిన చోట రాలేదు. ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చింది. ఆయన అది చూశారు.

బస్సొచ్చింది. ఎత్తు మెట్ల బస్సు. ఆయన కడ్డీ పట్టుకుంటే ఆమె వెనకాల నడుం మీద చెయ్యేసి బలంగా తోయాలి, అప్పుడు గానీ ఆయన మొదటి మెట్టెక్కలేరు. ఎప్పటిలాగే చెయ్యి చాచి తోసింది. తోయడానికి అక్కడ ఎవరూ లేరు. ఆయన అప్పటికే రెండో మెట్టు మీదున్నారు. చెయ్యి గాల్లో ఉంచుకుని ఆమె రోడ్డు మీదే నిలబడిపోయింది.

"ఏమ్మా, ఎక్కుతావా, బస్సుకి టాటా చెప్తున్నావా?" అని కండక్టర్ కేకేశాడు.

ఇల్లు చేరేసరికి వదిన గుమ్మంలోనే ఉంది.

"ఈ వయసులో అబద్ధాలు నేర్చావా?"

"అబద్ధం కాదక్కయ్యా. రోజూ అరగంట. ఒక్కరోజు మానలేదు."

"మరి ఆ అంకెలేంటి?"

"నాకేం తెలుసు? నేను కళ్ళు మూసుకునుంటాగా."

"కళ్ళు మూసుకుంటే నిద్రంటారు, వ్యాయామం అనరు."

మాస్టారు కుర్చీలో కూర్చుని భార్య వైపు చూశారు. "నువ్వు కూడా నమ్మట్లేదా?"

"జేబులు రెండూ నమ్మాను," అందామె. "లోపలి జేబూ నమ్మాను. కాళ్ళనెందుకు నమ్మను?" అని ఆయన మెడలోంచి టేపు లాక్కుంది. "లేవండి. పంచె కొంచెం పైకి పట్టుకోండి. వదినా, పుస్తకంలో మా పెళ్ళి ప్యాంటు కొలతలు చూడండి. తొడ ఎంతుంది?"

"సిగ్గు లేకపోతే సరి," అంటూనే వదిన పేజీలు తిప్పింది. "పదిహేడున్నర."

ఆమె మోకాలికి జానెడు పైన టేపు చుట్టింది. బిగించలేదు, వదిలెయ్యలేదు, కొట్లో ఆయనే నేర్పిన పట్టు, టేపుకీ ఒంటికీ మధ్య ఒక వేలు దూరేంత. "పద్దెనిమిది."

"కాళ్ళల్లో నీరు," అంది వదిన వెంటనే.

"ఇవాళే కదొదినా డయాలసిస్‌లో తీశారు, కేజీన్నర."

"తీసినా కాస్త మిగులుతుంది. నీటికి అరంగుళం ఒక లెక్కా? నాకు ఈ టేపులూ వద్దు, మీ కబుర్లూ వద్దు. శుక్రవారం నేనూ వస్తా. నా కళ్ళతో చూస్తా."

*

పరీక్ష డయాలసిస్ మొదలెట్టక ముందే పెడతారు. సూదులు గుచ్చాక, నాలుగు గంటలయ్యాక ఎవరికీ లేచే ఓపిక ఉండదు. బీపీ చూశారు, బరువు చూశారు. హాలు బయట గోడకి ఆనించి చేతుల్లేని కుర్చీ ఒకటి వేశారు. వదిన దానికి సరిగ్గా ఎదురుగా, చీర కొంగు నడుంలో దోపుకుని నిలబడింది, పడితే పట్టుకోవడానికి. డ్రైవర్ తన వంతు అయిపోయి, పక్కనే కూర్చుని నుదురు తుడుచుకుంటున్నాడు. ఐదూ లేచాడు, చివరిదానికి కొంచెం పళ్ళు బిగించాడు.

"చేతులు రెండూ గుండెల మీద కట్టుకోండి అంకుల్," అంది ఫిజియో అమ్మాయి. స్టాప్‌వాచీ ఉన్న చేతిలోనే ఆ కాగితాల అట్టా ఉంది. గొంతులో పెద్దగా ఆశ లేదు. "ఎక్కడ కష్టమనిపిస్తే అక్కడ ఆపేయండి. సరేనా?"

మాస్టారు కూర్చున్నారు. పాదాలు రెండూ నేల మీద పక్కపక్కన పెట్టుకుని, కొంచెం వెనక్కి జరుపుకున్నారు. ఆమె కారిడార్ అవతలి గోడ దగ్గర నిలబడింది. బల్ల ఉండటం, పోవడం ఇప్పుడు ఆ రెండు పాదాల చేతిలో ఉంది.

ఒకటి. ముందుకి వంగి, లేచారు. వదిన చేతులు రెండూ వాటంతటవే ముందుకొచ్చాయి.

"పట్టుకోకండి పెద్దమ్మా," అంది ఫిజియో.

రెండు. పాత లెక్క ఇక్కడే ఆగింది.

మూడు. ఈసారి లేవడానికి కొంచెం సమయం పట్టింది. తొడలు వణకడం పంచె మీంచే కనిపించింది. డ్రైవర్ తుడుచుకోవడం ఆపి, "ఎక్కించండి మాస్టారూ, ఘాట్ రోడ్డే అది," అన్నాడు.

నాలుగు.

ఐదు.

చాలని ఎవరూ చెప్పలేదు. అందుకని మాస్టారు మళ్ళీ కూర్చుని మళ్ళీ లేచారు. ఆరు. ఏడోసారి లేచి, "చాలా, ఇంకా కావాలా అమ్మా?" అని ఆయాసంతో అడిగాక గానీ ఫిజియోకి స్టాప్‌వాచీ నొక్కడం గుర్తు రాలేదు.

"ఐదన్నారుగా!" అని వదిన మాస్టారి మీద విరుచుకుపడింది. "ఏడెందుకు? ఐదంటే ఐదు చెయ్యి. చెప్పిన మాట విన్నావా ఎప్పుడైనా?" అని కొంగు నడుంలోంచి లాగి ముక్కు తుడుచుకుంది.

ఫిజియో అమ్మాయి కాగితం చూసింది, ఆయన కాళ్ళు చూసింది, మళ్ళీ కాగితం చూసింది. "అంకుల్, ఇంట్లో ఏమైనా చేస్తున్నారా?"

"ఇంట్లో మా అక్క నన్ను మంచినీళ్ళకి కూడా లేవనివ్వదమ్మా."

"అయితే మీరు పడుకోండి. యంత్రం పెట్టాక మీరు రోజూ ఏం చేస్తారో అదే నాకు చూపించండి. ఆంటీ, పెద్దమ్మా, ఇవాళ్టికి మీరూ ఒక్క నిమిషం లోపలికి రండి."

నర్సు సూదులు పెట్టి, ట్యూబులు బిగించి, బీపీ చూసింది. మంచం చివర పెడల్ యంత్రం అమర్చి, పాదాలకి పట్టీలు కట్టారు. "పెడల్ బిగించే నాబు గట్టిగా ఉండాలమ్మా," అని గుర్తుచేశారు మాస్టారు.

"తెలుసులెండి," అంది నర్సు. "వారానికోసారి కొంచెం బిగించమంటారు కదా."

"బిగించమంటారా?" అని ఫిజియో తలెత్తింది.

"కోటు గుడ్డ కదమ్మా, మందం. తేలిగ్గా పోతే నాకు పనిలా ఉండదు."

దుప్పటి కప్పారు. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. దుప్పటి చివర చిన్నగా కదలడం మొదలైంది. ఫిజియో అమ్మాయి రెండు వేళ్ళతో దుప్పటి అంచు పట్టుకుని, మెల్లగా పైకి లేపింది.

పెడళ్ళు తిరగట్లేదు. ఒక పాదం బెత్తెడు ముందుకి, ఇంకో పాదం బెత్తెడు వెనక్కి. మళ్ళీ ఇది వెనక్కి, అది ముందుకి. మునివేళ్ళు నొక్కితే మడమ లేస్తోంది, మడమ నొక్కితే వేళ్ళు లేస్తున్నాయి. పిక్క ముడిపడి విడుతోంది, మోకాలి పైన కండ తాడులా బిగుసుకుంటోంది. ఒక్క లయ. ఎక్కడా తడబాటు లేదు. సగం దూరం కూడా పోకుండానే వెనక్కి వస్తున్నాయి కాబట్టి పెడల్ యంత్రం పైన రౌండ్లు చూపించే అంకె మాత్రం సున్నా దగ్గరే ఉంది.

ఆమెకి అర్థమైంది. ఆ కాళ్ళని కాజాల పీట మీద కూర్చుని ఎన్నేళ్ళు చూసిందో. మోటారు రాక ముందు కుట్టు మిషను కింద ఆడిన కాళ్ళే అవి.

"అంకుల్," అంది ఫిజియో అమ్మాయి, గొంతు సవరించుకుని, "గుండ్రంగా తిప్పాలి కదా ఇది. సైకిల్లాగా."

మాస్టారు కళ్ళు తెరిచారు. "నేనెప్పుడూ సైకిలెక్కలేదమ్మా. మొదటిరోజు నువ్వు తిప్పి చూపించావు గానీ, చెయ్యబోతే మోకాలు పట్టేసింది. సరే అని నా కాళ్ళకి వచ్చినట్టు ఆడించా. కుట్టు మిషనుకి పీట ఒకటే ముక్క, ఇది రెండు ముక్కలు. ఒక వారం తికమక పడ్డా. తర్వాత వరసలో పడింది. తప్పా?"

ఆ పిల్ల ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత లాభం లేక అట్ట అడ్డం పెట్టుకుంది. అట్ట వెనకాల భుజాలు ఊగుతున్నాయి.

"తప్పేం లేదు అంకుల్. పూర్తిగా ఒక చుట్టు తిరిగితేనే దీనికి అంకె పడుతుంది. మీరు రెండు నెలలు దానికి కనపడకుండా పనిచేశారు. పైగా నాబు బిగించి మరీ!" కళ్ళు తుడుచుకుంది. "నేను మిమ్మల్ని నమ్మాల్సింది. దుప్పటి ఒక్కసారి ఎత్తి చూసుంటే తెలిసేది. సారీ అంకుల్."

"బండి డిపోలోనే ఉంచి, రెండు నెలలు ఇంజను ఆపకుండా రేజు చేశారన్నమాట!" అని డ్రైవర్ తన మంచం మీంచి గట్టిగా అన్నాడు. పన్నెండు మంచాలూ నవ్వాయి. మూడో మంచం టీచరుగారు, "నాకు ఆ పెడల్ ఇప్పుడే వద్దులెండి, ఆయన కోటు పూర్తి కానివ్వండి," అంది. నాలుగో యంత్రం కోసం గట్టిగా అడుగుతానని ఫిజియో ఆవిడకి మాటిచ్చింది.

వదిన ఒక్కతే నవ్వలేదు. మంచం చివర నిలబడి ఆ పాదాల్నే చూస్తోంది.

"మోటారు పెట్టించింది నేనే," అంది మెల్లగా, ఎవరితోనో తెలియకుండా.

"కాళ్ళు నొప్పెడతాయని పెట్టించావు అక్కయ్యా," అన్నారు మాస్టారు, కాళ్ళు ఆపకుండానే.

వదిన ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్ళగానే చెప్పులైనా విప్పకుండా కుట్టు మిషను దగ్గరికి పోయి, మోటారు వైరు గోడలోంచి పీకి, చుట్టగా చుట్టి బీరువా మీద పడేసింది. అటక మీంచి పాదాల పీట దింపడానికి స్టూలెక్కబోతుంటే ఇద్దరూ కలిసి ఆపాల్సొచ్చింది.

*

ఆదివారం పది గంటలకి వడ్రంగి తాళ్ళతో సహా వచ్చాడు.

"బల్ల లేదు, ఏం లేదు, వెళ్ళిరా," అంది వదిన.

"రమ్మంది మీరే కదండీ?"

"అన్నాను. ఇప్పుడు వద్దంటున్నా." ఆవిడ వాణ్ణి కిందా మీదా చూసింది. "అయినా అదేం ప్యాంటు? అంచు చెప్పుల కింద నలిగి చిరుగులు పట్టింది. అలాగే తిరుగుతున్నావా?"

"మెత్తగా ఉంటుందండీ."

"మెత్తగా ఉంటే దిండు గలీబు వేసుకో. ఒరేయ్ తమ్ముడూ, ఈయన కొలత తియ్యి. ఊరికే వచ్చి వెళ్ళకూడదు."

ఆమె కాజాల పీట మీద కూర్చుని బుధవారం నాటి వంకర కాజాని విప్పి కుడుతోంది. మాస్టారు బల్ల మీద కత్తెర పెట్టి, చెవి వెనక సుద్ద ముక్క దోపుకుని వచ్చారు. నడుం కొలిచారు, పిరుదులు కొలిచారు. తర్వాత పొడవు కోసం ఒక మోకాలు నేలకి ఆనించి కిందికి దిగారు. రెండేళ్ళుగా ఆ పని వదినదే. కింద కూర్చున్నవాడు లేవలేడని.

"మడమ దాకా చాలు," అన్నాడు వడ్రంగి.

"చాలదు, చెప్పు మీద ఒక మడత పడాలి," అంది వదిన.

"మడత పడితే రంపప్పొట్టు నిండుతుందండీ."

"దులుపుకో. చేతుల్లేవా?"

"అంగుళం తగ్గిద్దాం," అన్నారు మాస్టారు కింద నుంచి, సుద్దతో గీత గీస్తూ. "పని ప్యాంటుకి మడత దండగ అక్కయ్యా."

"ఒరేయ్, అంగుళం తగ్గిస్తే మేజోళ్ళు కనిపిస్తాయిరా!"

"ఈయనకి మేజోళ్ళే లేవు కదా."

"అసలు నా ప్యాంటు గురించి నన్నడుగుతారా లేదా?" అని వడ్రంగి గొంతు పెంచాడు. వదిన ఇంకా పెంచింది. మాస్టారు ఇద్దరికీ సర్దిచెప్తూ బల్ల దగ్గరికి వచ్చి, టేపు పరిచి, అరంగుళం దగ్గర రాజీ కుదిర్చి, గుడ్డ మడత విప్పుతున్నారు.

ఆమె సూది ఆగింది.

ఆయన లేచారు. నేల మీంచి, ఒంటి మోకాలి మీంచి, ఏమీ పట్టుకోకుండా లేచి, నాలుగడుగులు నడిచి బల్ల దగ్గరికి వచ్చారు. వదిన చూడలేదు, ఆవిడ మేజోళ్ళ గొడవలో ఉంది. వడ్రంగికి చూడాల్సినదేమీ కనపడలేదు. మాస్టారికే తెలియలేదు. ఆయన ధ్యాసంతా ఆ అరంగుళం మీదే ఉంది.

చెప్దామా అనుకుంది ఆమె. చెప్తే అందరూ అటు తిరుగుతారు. ఆయన మళ్ళీ తన కాళ్ళ వంక చూసుకోవడం మొదలెడతారు. వద్దు అనుకుంది. తనొక్కతే దాచుకోదగ్గంత పెద్దదే ఆ సంగతి.

"ఏమ్మాయ్, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు?" అంది వదిన. "పుస్తకం తీసి రాయి. పొడవు ఎంతరా?"

"ముప్ఫై తొమ్మిదిన్నర," అన్నారు మాస్టారు, కత్తెర అందుకుంటూ.